ఇరవై నాలుగా, ఇరవై ఆరా?

మే నెలలో ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కంచె అవతల నుంచి పక్కింటావిడ పిలిచారు. "డక్, మీవాడు సైకిలు కావాలంటున్నాడు కదా, ఒకసారి వచ్చి చూడు" అని. నాటింగ్‌హామ్‌లో పాతతరం వాళ్ళు ఎవరినైనా అలాగే పిలుస్తారు. డక్ అంటే బాతే. వచ్చిన కొత్తలో నా నడక చూసి అంటున్నారేమోనని రెండు రోజులు బాధపడ్డాను కూడా.

ఆవిడకి ఎనభై దాటాయి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఇల్లు అమ్మేశారు, ఆగస్టు చివర్లో లింకన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. షెడ్డు ఖాళీ చేస్తుంటే పూలకుండీల వెనకాల, పాత దుప్పటి కింద ఆ సైకిలు బయటపడిందట. ముదురు ఆకుపచ్చ రంగు, కిందికి వంగిన పందెపు హ్యాండిలు, ముందు గొట్టం మీద కొంగ బొమ్మ ఉన్న ఇత్తడి బిళ్ళ. ర్యాలీ లెంటన్ స్పోర్ట్స్. వెనక చక్రం హబ్బు మీద మసి తుడిస్తే 55 అని, పక్కన 5 అని అచ్చుకొట్టి ఉంది. అంటే ఆ హబ్బు 1955 మే నెలలో తయారైంది. స్టర్మీ-ఆర్చర్ హబ్బులకి పుట్టినతేదీ ఒంటిమీదే ఉంటుంది.

"ఆయన పదిహేడేళ్ళప్పుడు కొనుక్కున్నారు. ఆదివారాలు దీని మీదే మ్యాట్‌లాక్ కొండల దాకా వెళ్ళొచ్చేవారు. నన్ను చూడటానికి వచ్చింది కూడా దీని మీదే" అన్నారావిడ. డబ్బులు ఎంతివ్వాలని అడిగితే తల అడ్డంగా ఊపారు. "నేను వెళ్ళేలోపు ఇది మన వీధిలో ఒక్కసారి తిరగడం చూడాలి, అంతే."

టైర్లు మార్చి, నాలుగు చుక్కలు నూనె వేస్తే సరి అనుకున్నాం. మావారికి ఏ పనైనా "రెండు గంటలు" పడుతుంది. ఈ రెండు గంటలకి మాకు వేసవంతా పట్టింది. ఒక సైకిలుకి సరిపోయే సామాను దొరక్కపోవడం వెనక నూట ముప్ఫై ఏళ్ళ చరిత్ర ఉందని నాకు అలా తెలిసింది.

మొదటి పాఠం టైరు దగ్గరే. పాత టైరు ముట్టుకుంటే అప్పడంలా విరిగిపోయింది. దాని మీద 26 × 1¼ అని ఉంది. మావారు వెళ్ళి 26 × 1⅜ తెచ్చారు. "కాస్త లావు, అంతే కదా" అని. గంటసేపు తండ్రీ కొడుకులు కుస్తీ పట్టారు, ఎక్కలేదు. ఎక్కదు కూడా. ఆ 26 అనేది రిమ్ము కొలత కాదు, గాలి కొట్టాక టైరు పైకొలత, అదీ ఉజ్జాయింపుగా. పైకొలత 26 అంగుళాలే ఉండి టైరు లావైతే, లోపలి రిమ్ము చిన్నది కావాలి. అందుకని ఇంగ్లండులో పాతకాలం నుంచీ 26 × 1¼ టైరుకి రిమ్ము 597 మి.మీ., 26 × 1⅜కి 590, 26 × 1½కి 584. తరవాత వచ్చిన మౌంటెన్ సైకిళ్ళకి 26 × 1.95 అని రాసి ఉంటుంది, వాటికి 559. నాలుగింటికీ పేరు "ఇరవయ్యారే". ఇంకో తమాషా ఏమిటంటే 26 × 1¾కీ 26 × 1.75కీ లెక్కల్లో తేడా లేదు, చక్రానికి ఉంది. భిన్నంలో రాస్తే ఒక రిమ్ము, దశాంశంలో రాస్తే ఇంకో రిమ్ము. మా అబ్బాయి లెక్కల టీచరుకి చెబితే నమ్మలేదట.

ఈ గందరగోళం భరించలేకే యూరప్‌లో టైర్లవాళ్ళూ రిమ్ములవాళ్ళూ కలిసి రెండు అంకెల పద్ధతి పెట్టుకున్నారు. లావు ముందు, రిమ్ము కొలత తరవాత. 32-597 అని. ఇప్పుడు ఏ టైరు పక్కన చూసినా చిన్న అక్షరాల్లో అది ఉంటుంది. మన ఊళ్ళలో పాలవాళ్ళు తొక్కే పెద్ద సైకిలుకి ఉండే 28 × 1½ టైరు రిమ్ము 635. ఆ రెండో అంకె ఒక్కటీ చూసుకుంటే చాలు, మిగతా అంతా పెళ్ళి శుభలేఖలో బిరుదుల లాంటిది. 597 టైరు ఇప్పటికీ చేస్తున్నారు. తెప్పించాం. నాలుగు నిమిషాల్లో ఎక్కింది.

అసలు కష్టం పెడళ్ళ దగ్గర. తిప్పితే కాఫీ గింజలు మరపట్టినట్టు చప్పుడు.

ఈ సైకిలుకి పెడల్ కాళ్ళు ఇరుసుకి కాటరు పిన్నులతో బిగించి ఉంటాయి. ఇక్కడ ఆ పిన్నులు చూసిన మెకానిక్కులు తగ్గిపోయారు. కొత్త సైకిళ్ళకి అవి ఉండవు. నేను తెనాలికి ఫోన్ చేశాను. మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు సైకిలు మీదే ఆఫీసుకి వెళ్ళిన మనిషి.

"అమ్మాయ్, అల్లుడుగారికి చెప్పు, నట్టు మొత్తం తియ్యొద్దు. నాలుగు చుట్లు వదులు చేసి దాని మీదే కొట్టాలి. లేకపోతే పిన్ను కొన నలిగి మర పోతుంది" అన్నారు. "కింద ఖాళీగా వదిలి కొట్టకండి. పెడల్ కాలు కింద నేలకి ఆనేలా గొట్టం ముక్కో, చెక్క ముక్కో పెట్టాలి. లేకపోతే దెబ్బంతా లోపలి గోలీల మీద పడుతుంది. ఎక్కించేటప్పుడు ఒక పిన్ను పైనుంచి, రెండోది కింది నుంచి రావాలి. రెండూ ఒక పక్క నుంచే పెడితే పెడళ్ళు ఎదురెదురుగా ఉండవు, కుంటినడక నడుస్తుంది."

ఇంగ్లండులో తయారైన సైకిలు విప్పడానికి ఇంగ్లండులో మనిషి దొరక్క తెనాలిని అడగడం వింతే. కానీ ఆలోచిస్తే వింతేం లేదు. ఇక్కడ కాటరు పిన్ను పోయి చాలాకాలమైంది, మన దగ్గర పెద్ద సైకిలుతోపాటు అదీ ఉండిపోయింది.

విప్పితే లోపల ఎడమవైపు కప్పు పాడైపోయి ఉంది. పెడళ్ళ ఇరుసు తిరిగే అడ్డగొట్టానికి రెండు పక్కలా రెండు కప్పులుంటాయి. వాటి లోపల గోలీలు, గోలీల మధ్య ఇరుసు. ఆ ఎడమ కప్పులో గోలీలు నడిచే దారంతా మశూచి మచ్చల్లా గుంటలు పడింది. కుడివైపుది బాగానే ఉంది, దాన్ని కదపలేదు. కదపాలన్నా అది మామూలు మరకి ఎదురు తిరుగుతుంది, అందరూ విప్పుతున్నామనుకుని బిగించేస్తుంటారు. మొత్తానికి మాకు కావలసింది ఒక్క కప్పు. ఉంగరాలు పెట్టుకునే డబ్బీ మూతంత.

ఊళ్ళో ఒక షాపుకి తీసుకెళ్ళాం. పేరెందుకు లెండి. అక్కడి కుర్రాడు కొలిచి చూసి, కొత్త కప్పు తెచ్చి వేళ్ళతో తిప్పాడు. రెండు చుట్లు హాయిగా వెళ్ళింది. మూడో చుట్టుకి బిగిసింది. "తుప్పు" అని పొడవాటి పానా తెచ్చి కాలు ఆనించి ఒక్క తిప్పు తిప్పాడు. కిర్రుమంది. తీసి చూస్తే గొట్టం అంచున మొదటి మర చుట్లు నలిగిపోయాయి.

తరవాత వాళ్ళు చెప్పిన పరిష్కారం ఇది. ఈ గొట్టం లోపలి మర మొత్తం తోడేసి, కాస్త పెద్దదైన ఇటాలియన్ కొలతకి కొత్త మర కోస్తారు. 36 మిల్లీమీటర్లు. దానికి సామాను దొరుకుతుంది. పని అయిపోతుంది. ఇలా చేయడం సైకిలు పనిలో మామూలే, వాళ్ళు తప్పు చెప్పలేదు. కానీ ఒకసారి తోడేసిన ఇనుము మళ్ళీ రాదు. మావారు సరే అనేలా ఉన్నారు, జూన్ సగం అయిపోయింది కదా అని. నేను రెండు రోజులు ఆగమన్నాను. ఎందుకన్నానో అప్పటికి నాకూ తెలీదు. బహుశా బిర్యానీ అడుగంటితే మసాలా ఎక్కువేసి కప్పిపుచ్చినట్టు అనిపించిందేమో.

ఆ రెండు చుట్లు ఎందుకు వెళ్ళాయి, మూడోది ఎందుకు వెళ్ళలేదు? అక్కడ పట్టుకుంటే కథంతా వచ్చింది.

ఇంగ్లీషు సైకిళ్ళన్నిటికీ ఆ గొట్టం మర 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు. ర్యాలీ సైకిలుకి 1⅜ అంగుళాలు, అంగుళానికి 26 చుట్లు. ఒకటీ మూడెనిమిదో వంతులంటే 1.375. వ్యాసంలో తేడా ఏ స్కేలుతోనూ కనపడదు. చుట్లలో రెండే తేడా. ఒక్కో చుట్టుకీ తేడా మిల్లీమీటరులో పన్నెండో వంతు, అంటే దాదాపు ఒక వెంట్రుక మందం. మొదటి చుట్టుకి ఒక వెంట్రుక, రెండోదానికి రెండు. ఆరు చుట్లు తిరిగేసరికి అర మర పక్కకి జరిగి ఉంటుంది. జాకెట్టుకి ఒక పక్క హుక్కులు ఇరవై నాలుగు, ఇంకో పక్క కాజాలు ఇరవై ఆరు కుట్టారనుకోండి. మొదటి రెండూ పడతాయి. తరవాత లాగితే గుడ్డ చిరుగుతుంది. ఆ కుర్రాడి పానా చేసింది అదే.

మరి ఒకే దేశంలో, యాభై మైళ్ళ దూరంలో ఉన్న ఊళ్ళలో, రెండు కొలతలెందుకు?

ఆ ఇరవై నాలుగు చుట్ల కొలతకి సైకిలు షాపుల్లో ఇప్పటికీ బీఎస్ఏ అనే పేరు. బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. మన ఆడపిల్లల లేడీబర్డ్ సైకిలు మీద చూసిన బీఎస్ఏ ఇదే. ఆ పేరులో ఆర్మ్స్ అంటే చేతులు కావు, ఆయుధాలు. 1861లో బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసే పనివాళ్ళ యజమానులు కొందరు కలిసి పెట్టుకున్న కంపెనీ. అంతకుముందు తుపాకీ అంటే ఒక్కొక్కటీ చేత్తో ఆకురాయి పట్టి చేసింది. ఒకదాని గొళ్ళెం ఇంకోదానికి పట్టదు. 1850లలో ప్రభుత్వం ఎన్‌ఫీల్డ్ కర్మాగారానికి అమెరికా నుంచి యంత్రాలు తెప్పించి, ఏ ముక్క ఏ తుపాకీకైనా సరిపోయేలా చేయించడం మొదలుపెట్టింది. ఇక చేతిపనికి రోజులు చెల్లాయని గ్రహించి వీళ్ళూ యంత్రాలు పెట్టారు. యుద్ధాలు లేనప్పుడు తుపాకీలకి గిరాకీ ఉండదు. యంత్రాలు ఊరికే కూర్చుంటాయి. అందుకని 1880లో సైకిళ్ళ వైపు తిరిగారు. వాళ్ళ గుర్తు మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టుంటుంది. ఆడపిల్లల సైకిలు వెనక తుపాకులున్నాయని మా రోజుల్లో ఎవరూ చెప్పలేదు!

బీఎస్ఏ పూర్తి సైకిళ్ళకంటే సైకిలు భాగాలు అమ్మి పేరు తెచ్చుకుంది. హబ్బులు, కప్పులు, ఇరుసులు. ఊరూరా చిన్న చిన్న దుకాణాల వాళ్ళు గొట్టాలు కొని, బీఎస్ఏ సామాను కొని, అతికించి, తమ పేరు రాసుకుని అమ్ముకునేవారు. వాళ్ళందరికీ సరిపోవాలంటే కొలత మారకూడదు. పది మందికి అమ్మేవాడి కొలతే పదిమంది కొలత అయింది. అలా తుపాకీలవాళ్ళ మర దేశానికీ, క్రమంగా ప్రపంచంలో సగానికీ ప్రమాణమైంది.

ర్యాలీ దారి వేరు. నాటింగ్‌హామ్‌లో ర్యాలీ స్ట్రీట్ అనే వీధిలో వారానికి మూడు సైకిళ్ళు చేసే చిన్న పనిచోటు. ఫ్రాంక్ బౌడెన్ అనే లాయరు, హాంకాంగ్‌లో బాగా సంపాదించి ఆరోగ్యం పాడుచేసుకుని వచ్చి, వైద్యుడి సలహా మీద సైకిలు తొక్కి కోలుకున్నాడు. 1887లో ఆ పనిచోటులో డబ్బు పెట్టాడు, 1888 డిసెంబరుకి ర్యాలీ సైకిల్ కంపెనీ అయింది. ఆ కొంగ బొమ్మ బౌడెన్ కుటుంబ చిహ్నం నుంచి వచ్చిందే. మా ఇంటికి దగ్గరే ఉన్న లెంటన్‌లో ఫ్యాక్టరీ పెరిగి పెరిగి ఊరిలో ఊరైంది. 1903లో గేర్ల కోసం స్టర్మీ-ఆర్చర్ కంపెనీ కూడా వాళ్ళదే మొదలైంది. 1950ల మొదట్లో ఏడాదికి పది లక్షల సైకిళ్ళు. ప్రపంచ చాంపియన్ రెగ్ హారిస్ ర్యాలీ తొక్కుతాడని గోడల నిండా ప్రకటనలు. అక్కడే చిన్నప్పుడు పనిచేసిన అలన్ సిలిటో 1958లో 'సాటర్‌డే నైట్ అండ్ సండే మార్నింగ్' అని నవల రాశాడు. అందులో నాయకుడు సైకిళ్ళ ఫ్యాక్టరీలో లేతు దగ్గర నిలబడే కుర్రాడు.

ఇంత పెద్ద ఇల్లు పక్కింటికి కరివేపాకు కోసం వెళ్ళదు. మర తనే కోసుకుంటుంది, కప్పు తనే చేసుకుంటుంది, నట్టుకి కూడా తన పేరే కొట్టుకుంటుంది. పాడైతే సామాను ఊరూరా ఉన్న తన డీలరు దగ్గర దొరుకుతుంది. ఇరవై ఆరు చుట్ల మర వాళ్ళకి ఏ ఇబ్బందీ కాలేదు, వాళ్ళున్నంతకాలం. మన కుక్కర్ల సంగతీ అంతే కదా. ఒక కంపెనీ మూత లోపలికి దిగుతుంది, ఇంకో దాని మూత పైన కూర్చుంటుంది, గాస్కెట్లు కలవవు. కంపెనీ ఉన్నంతవరకూ అదో సమస్యే కాదు.

ర్యాలీ ఇక్కడ లేదు. లెంటన్ ఫ్యాక్టరీ స్థలంలో కొంతభాగం మీద 1999లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం జూబిలీ క్యాంపస్ కట్టింది. నేను రోజూ నడకకి వెళ్ళే చెరువుగట్టు అదే. స్టర్మీ-ఆర్చర్‌ని 2000లో తైవాన్ కంపెనీ కొనుక్కుంది. 2002 నవంబరుతో నాటింగ్‌హామ్‌లో సైకిళ్ళు తయారుచేయడమే ఆగిపోయింది. పేరు మాత్రం మిగిలింది. ఆ పేరున్న కొత్త సైకిళ్ళకి అందరి కొలతే, ఇరవై నాలుగు. అంటే మా కప్పు కొత్తది దొరకదు. పాతది వెతకాలి. ఎక్కడ?

ఇక్కడ పాత సంగతులు నాకు అక్కరకొచ్చాయి. ర్యాలీ మిగతా కంపెనీలను ఒక్కొక్కటిగా మింగుతూ వచ్చింది. 1932లో హంబర్, 1943లో రడ్జ్, 1954లో ట్రయంఫ్ సైకిళ్ళు. 1957లో ఎవరిని కొన్నారనుకున్నారు? బీఎస్ఏ సైకిళ్ళని. ఊరందరికీ కొలత నేర్పినవాడి పేరు, ఆ కొలత పాటించనివాడి చేతికొచ్చింది. 1960లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే పెద్ద కంపెనీ ర్యాలీనే కొనేసి, తన చేతిలో ఉన్న హెర్క్యులిస్, ఫిలిప్స్‌లను దానిలో కలిపింది. మద్రాసు అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్‌లో ఆ టీఐ వీళ్ళదే. హెర్క్యులిస్, బీఎస్ఏ పేర్లు మనకి అలా వచ్చాయి. ర్యాలీకి మన దేశంలో ఉన్న ఇల్లు వేరు. బెంగాల్లో ఆసన్‌సోల్ దగ్గర సేన్-ర్యాలీ. మా నాన్నగారి మొదటి సైకిలు అదే. దాన్ని 1980లో పార్లమెంటు చట్టం చేసి ప్రభుత్వం తీసుకుంది.

ఈ పేర్లన్నీ ఇలా వరసగా రాస్తే వంశవృక్షంలా ఉంటుంది కానీ, మాకు పనికొచ్చిన సంగతి ఒకటే. పేరు ఏదైనా, నాటింగ్‌హామ్ ఫ్యాక్టరీలో 1970ల దాకా చేసిన మామూలు సైకిలైతే ఆ గొట్టంలో ఇరవై ఆరు చుట్లే ఉంటాయి. హంబర్ బిళ్ళ ఉన్నా, ట్రయంఫ్ బిళ్ళ ఉన్నా. వర్క్‌సాప్‌లో కార్ల్‌టన్ అని వాళ్ళదే ఖరీదైన పందెపు సైకిళ్ళ పనిచోటు ఉండేది, అక్కడివి మాత్రం ఇరవై నాలుగు. అంటే మా పందెపు సైకిలుకి కప్పు ఇంకో మంచి పందెపు సైకిలులో దొరకకపోవచ్చు, ఏ మూలనో పడి ఉన్న చౌక సైకిలులో దొరకొచ్చు. అమెరికాలో షెల్డన్ బ్రౌన్ అనే మెకానిక్కు ఇలాంటి కొలతలన్నీ ఓపిగ్గా రాసిపెట్టి 2008లో పోయారు. ఆయన చేసిన పుణ్యం వల్లే మాలాంటి వాళ్ళకి ఇది తెలుస్తోంది.

అన్నిటికంటే ఎక్కువగా దొరికేది ర్యాలీ ట్వంటీ. 1968లో వచ్చింది. ఇరవై అంగుళాల చిన్న చక్రాలు, వంచి ఎక్కడానికి అనువైన కింది గొట్టం, వెనక సరుకుల సంచీ. గృహిణులు బజారుకెళ్ళడానికి చేసిన సైకిలు. 1970లలో వీధికి నాలుగు ఉండేవట. దాని పెడళ్ళ గొట్టం కాస్త వెడల్పు, ఇరుసు పొడవు, కానీ కప్పు మర అదే ఇరవై ఆరు.

ఈ మాట నేను కంచె దగ్గర ఆవిడకి ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి షెడ్డులోకి వెళ్ళి, కుండీల అవతలి మూల నుంచి ఒక సైకిలు తోసుకుంటూ వచ్చారు. నీలం రంగు ట్వంటీ. ఆవిడదే. మోకాళ్ళు మొరాయించేదాకా తొక్కారట.

"దీన్ని విప్పెయ్, డక్. ఉత్త బజారు సైకిలేగా."

మావారు పానా తెచ్చుకోవడానికి లేచారు కూడా. అప్పటికి జూలై చివరి వారం. కప్పు చేతికందే దూరంలో ఉంది, ఇచ్చేవాళ్ళే ఇస్తున్నారు. నాకు మాత్రం చెయ్యి రాలేదు. ఆయన సైకిలు వారానికి ఒకరోజు కొండలకి వెళ్ళొచ్చింది. దుప్పటి కప్పి దాచుకున్నారు. ఈవిడ సైకిలు రోజూ బంగాళాదుంపలు మోసింది, పాలు మోసింది, ఇద్దరు పిల్లల బడి సంచులు మోసింది. దానికి దుప్పటి లేదు. దాన్ని విప్పి దీనికి పెట్టాలి. "ఉత్త" అన్న మాట మా అమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో. "నేను ఉత్త ఇంట్లోనేగా ఉంటా, నాకెందుకులే కొత్తది" అని.

"ఇంకో పది రోజులు వెతుకుదాం" అన్నాను. మావారు నన్ను అదోలా చూశారు. ఆవిడ ఇంకా అదోలా చూశారు.

తొమ్మిదో రోజున బీస్టన్‌లో పేపరు షాపు అద్దానికి అంటించిన చీటీ కనిపించింది. ట్వంటీ, కారు గుద్దింది, సామానుకి మాత్రమే, పది పౌన్లు. ముందు ఫోర్కు కొడవలిలా వంగింది, ఫ్రేము మడత పడింది. దాన్ని విప్పితే ఎవరికీ అన్యాయం చేసినట్టు కాదు. ఎడమ కప్పు బయటికి తీసి కిరసనాయిల్లో కడిగి చూస్తే లోపల అద్దంలా ఉంది.

ఇంకో చిక్కు మిగిలింది. మన గొట్టం అంచున నలిగిన మర. ఇరవై ఆరు చుట్ల మర కోసే పనిముట్టు ఏ షాపులోనూ లేదు. దీనికి పాతకాలపు ఉపాయం ఒకటుంది. గుంటలు పడ్డ మన పాత కప్పు పారేయలేదు కదా. లోపల పాడైంది గానీ పైన మర బాగానే ఉంది. దాని మరకి అడ్డంగా మూడుచోట్ల ఆకురాయితో గాడి పెట్టాలి. అప్పుడది కోతపనిముట్టులా పనిచేస్తుంది. గ్రీజు రాసి, వేళ్ళతో నిటారుగా మొదలుపెట్టి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. నలిగిన చోటల్లా ఇనుప పొడి గాడిలోకి వచ్చేస్తుంది. మా అబ్బాయి ఒక శనివారం పొద్దున్నంతా అదే పని చేశాడు. పదిహేనేళ్ళ పిల్లాడు ఫోను ముట్టకుండా నాలుగు గంటలు. కొత్త కప్పు తరవాత వేళ్ళతోనే లోపలిదాకా వెళ్ళింది. ఎనిమిది చుట్లు లెక్కపెట్టాడు, ఒక్కచోట కూడా ఆగలేదు.

గోలీలు పక్కకి పదకొండు, పావు అంగుళంవి. కొత్తవే కొన్నాం. గోలీల విషయంలో మాత్రం ర్యాలీ, బీఎస్ఏ, తెనాలి, అందరూ ఒకటే. కాటరు పిన్నులు మా మరిది వస్తూ తెచ్చారు, నాన్నగారు ఆవకాయ సీసాతోపాటు ఆరు పంపారు. "ఒకటి వంగినా ఇంకోటి ఉంటుంది" అని. కాస్త ఆకురాయి పెడితే దిగాయి. ఒకటి పైనుంచి, ఒకటి కింది నుంచి.

ఆగస్టు 23న సాయంత్రం ఆవిడ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మావాడు వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఆ హబ్బు తిరుగుతుంటే గోడగడియారంలా టిక్ టిక్ మంటుంది. ఆ చప్పుడు దగ్గరికొచ్చేసరికి ఆవిడ కళ్ళు మూసుకున్నారు. నేను ఏడుస్తారేమోనని రుమాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. కళ్ళు తెరిచి, "చెప్పు వాడికి, గేరు అంత ఆలస్యంగా మార్చకూడదు. ఆయన మూలమీదే మార్చేవారు" అన్నారు.

వెళ్ళేముందు నీలం ట్వంటీ మా గోడకి ఆనించి, తాళంచెవి నా చేతిలో పెట్టారు. నేను సైకిలెక్కి పాతికేళ్ళయింది. గంటకింత అని అద్దెకిచ్చే సైకిలు మీద, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేర్చుకున్నదే. ఇప్పుడు వారానికి రెండుసార్లు దాని మీదే కూరలకి వెళ్తున్నాను. వెనక టైరు పగుళ్ళిచ్చింది, మార్చాలి. దాని మీద 20 × 1⅜ అని ఉంది, అంటే 451. షాపులో అందరూ చేతిలో పెట్టేది 20 × 1.75, అది 406. మావారికి రాసిచ్చాను.